రిగ్ మీద ‘స్టాప్’ అంటే నిజంగా ఆపుతారా?

కాకినాడ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. మెకానికల్ డిప్లొమా అయింది. ఒక డ్రిల్లింగ్ కాంట్రాక్టర్ దగ్గర రౌస్టబౌట్‌గా, అంటే రిగ్ మీద అందరికంటే కింది మెట్టు పనివాడిగా, ఆఫర్ వచ్చింది. ముంబై దగ్గర సముద్రంలో ఉన్న ముంబై హై చమురు క్షేత్రం వైపు జాకప్ రిగ్, అంటే సముద్రం అడుగున కాళ్లు ఆనించి నిలబడే డ్రిల్లింగ్ వేదిక. ‘ప్రమాదం అనిపిస్తే వంటమనిషి దగ్గర్నుంచి ఎవరైనా పని ఆపొచ్చు’ అని ఇండక్షన్‌లో చెప్పారట. రిగ్ అద్దే రోజుకు లక్షల్లో ఉంటుంది కదా, నాలాంటి కొత్తవాడు చెయ్యెత్తితే నిజంగా ఆపుతారా, ఆపితే నా ఉద్యోగం ఉంటుందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఆపుతారు. చిన్న పని ఆపితే మెచ్చుకుంటారు కూడా. క్రేన్ లిఫ్ట్, గ్రైండర్ పని, ట్యాంకులోకి దిగడం, ఇలాంటివి ఆపినందుకు ఉద్యోగం పోయినవాణ్ణి నేను చూడలేదు. బావికి సంబంధించిన పని, గంటకింత అని డబ్బు కరిగిపోయే పని ఆపాల్సి వచ్చినప్పుడు సంగతి వేరు. అప్పుడు కూడా ఎవరూ ‘వద్దు, కానివ్వు’ అనరు. ‘ఎంతసేపు పడుతుంది?’ అంటారు. నేను చూసినంతలో ఖర్చు ఒత్తిడి ఎక్కువసార్లు ఆ ప్రశ్న రూపంలోనే వస్తుంది. అది విన్నాక మీకు నోరు పెగులుతుందా లేదా అనేది రెండు విషయాల మీద ఉంటుంది: మీరు ఎవరి జీతం మీద ఉన్నారు, మొన్న ఆపినవాడికి ఏం జరిగింది.

నా సంగతి కొంచెం చెప్తాను. మాది అమలాపురం దగ్గర పల్లె. 1995 జనవరిలో పాశర్లపూడిలో బ్లోఅవుట్ (బావి అదుపు తప్పి గ్యాస్ ఎగజిమ్మడం) అయినప్పుడు నేను మీలాగే డిప్లొమా చదువుతున్నాను. 65 రోజులు మండింది అది. రాత్రిపూట ఆకాశం ఎర్రగా వెలుగుతుంటే మా కోళ్లు వేళాపాళా లేకుండా కూసేవి. అంతా కళ్లారా చూసి కూడా మూడేళ్లకు అదే లైన్లోకి వెళ్లాను. జీతం అలాంటిది మరి. ఒక్కో మెట్టూ ఎక్కాను: రౌస్టబౌట్, ఫ్లోర్‌మ్యాన్, డెరిక్‌మ్యాన్, బావి తవ్వే మెషిన్ నడిపే డ్రిల్లర్, చివర్లో రిగ్ పనంతా చూసే టూల్‌పుషర్. ముంబై హై, మన కేజీ బేసిన్, గల్ఫ్, కొంతకాలం పశ్చిమ ఆఫ్రికా. ‘ఎంతసేపు పడుతుంది?’ అనే మాట మొదట్లో విన్నాను, చివర్లో నేనే అన్నాను. కాబట్టి రెండు వైపులా చెప్పగలను.

ముందు డబ్బు ఎక్కడ నొక్కుతుందో తెలియాలి. రిగ్ ఒకరిది, బావి ఇంకొకరిది. బావి తవ్వించుకునే ఆపరేటర్ రిగ్‌ను రోజుకింత అని అద్దెకు తీసుకుంటాడు. రిగ్ మీద అతని తరఫు మనిషిని కంపెనీ మ్యాన్ అంటారు. టూల్‌పుషర్, డ్రిల్లర్, మీలాంటి రౌస్టబౌట్లు రిగ్ కాంట్రాక్టర్ మనుషులు. మడ్ (బావిలో ఒత్తిడిని అణిచి ఉంచే బరువైన ద్రవం) చూసేవాళ్లు, సిమెంట్ వేసేవాళ్లు, కేసింగ్ (బావి గోడకు దన్నుగా దించే ఉక్కు గొట్టం) దింపేవాళ్లు, క్యాటరింగ్ కుర్రాళ్లు, అందరూ వేర్వేరు కంపెనీలు. రిగ్ సామాను చెడి పని ఆగితే సాధారణంగా నెలకు ఇన్ని గంటలని మాఫీ ఉంటుంది. అది దాటితే రిగ్‌కు ఆ గంటల అద్దె రాదు. అందుకని పని ఆగిన ప్రతి గంటా పొద్దున్నే వెళ్లే రిపోర్టులో ఎవరో ఒకరి ఖాతాలో పడాలి. పైపును తిప్పే టాప్ డ్రైవ్ మోటారులో చిన్న ఆయిల్ లీక్ కనిపిస్తే ‘ఈ బావి అయ్యాక చూద్దాం’ అని టూల్‌పుషర్ ఎందుకంటాడో ఇప్పుడు అర్థమైందా? ఆ లీక్ సంగతి ఆయనకు మీకంటే బాగా తెలుసు. ఇప్పుడు ఆపితే అది తన ఖాతా. బావికీ బావికీ మధ్య ఆపితే ఎవరికీ నొప్పి లేదు.

చమురు ధర పడిపోయినప్పుడు ఇది ఇంకా గట్టిగా తెలుస్తుంది. 2014 మధ్యలో బ్యారెల్ 110 డాలర్ల పైన ఉన్న బ్రెంట్ రకం చమురు 2016 జనవరికి 30 కిందికి దిగింది. ఆ ఏడాదిన్నరలో మా రిగ్ మీద సేఫ్టీ పోస్టర్ ఒక్కటి కూడా తియ్యలేదు, కొత్తవి వచ్చాయి కూడా. పోయింది మనుషులు. ఇద్దరు మెకానిక్‌ల చోట ఒకడు మిగిలాడు. మెయింటెనెన్స్ కంప్యూటర్లో ‘చెయ్యాలి’ అని ఎర్రగా ఉన్నవాటి పక్కన ‘వాయిదా’ అని రాసి ఆకుపచ్చ చేసే పని నాకు అప్పగించారు. స్పేర్లు అడిగితే మూలన పడుకోబెట్టిన ఇంకో రిగ్ నుంచి ఊడదీసి పంపేవారు. ఒక పంపు మీద మూడు రిగ్‌ల పేర్లు పెయింటుతో కొట్టేసి ఉండటం చూశాను. ఆ ఏడాది మాకు ఏ ప్రమాదమూ జరగలేదు. దాంతో ‘చూశారా, ఈ మందితో కూడా నడుస్తుంది’ అన్నారు. ధర మళ్లీ పెరిగాక కూడా ఆ రెండో మెకానిక్ రాలేదు.

ఇక మెస్ గుమ్మం దగ్గరి బోర్డు సంగతి. ‘లాస్ట్ టైమ్ ఇంజురీ లేకుండా ఇన్ని రోజులు’ (అంటే దెబ్బ తగిలి ఎవరూ షిఫ్టు మానకుండా) అని ప్రతి రిగ్ మీదా ఉంటుంది. దాన్ని పూర్తిగా నమ్మకండి. గల్ఫ్‌లో ఒక జాకప్ మీద నేను డ్రిల్లర్‌గా ఉన్నప్పుడు మా ఫ్లోర్‌మ్యాన్ ఒకడి ఉంగరపు వేలు, పైపును పట్టి నిలిపే స్లిప్స్ హ్యాండిల్‌కీ పైపుకీ మధ్య నలిగింది. మెడిక్ కట్టు కట్టి, ఒడ్డుకు పంపి ఎక్స్‌రే తీయిస్తే మంచిది అన్నాడు. పంపితే మర్నాడు షిఫ్టుకు రాలేడు, రాకపోతే అది లాస్ట్ టైమ్, బోర్డు సున్నా. బోర్డు అప్పటికి వెయ్యి దాటింది. నెలాఖరు బోనస్ కూడా దానికే ముడిపడి ఉంది. అందుకని వాణ్ణి రేడియో రూమ్‌లో కూర్చోబెట్టి మస్టర్ లిస్టులు టైప్ చెయ్యమన్నారు, ఎడమచేత్తో. ‘తేలికపాటి పని చేయగలడు’ అని ఉన్న కాగితం మీద నేనూ సంతకం పెట్టాను. నెలాఖరున అందరికీ కంపెనీ పేరున్న జాకెట్లు పంచారు. వాడికీ ఇచ్చారు. దాని జిప్ వాడు పెట్టుకోలేకపోతే రూమ్మేట్ పెట్టాడు. ఆ సీన్ నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

బోర్డు అబద్ధమనే కాదు, నిజమైన బోర్డు కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. వేళ్లు, కాళ్లు, నడుములు లెక్కపెట్టే బోర్డు బావి ఎలా ఉందో చెప్పదు. 2010 ఏప్రిల్ 20న అమెరికా తీరంలో డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్ మీదికి కంపెనీ పెద్దలు వచ్చారు. ఏడేళ్లుగా లాస్ట్ టైమ్ ఇంజురీ లేనందుకు అభినందించడం కూడా ఆ రాకలో ఒక భాగం. అదే రాత్రి బావి పేలి 11 మంది చనిపోయారు. ఆ బావి అప్పటికే 40 రోజులకు పైగా ఆలస్యమై ఉంది, రిగ్ అద్దె రోజుకు దాదాపు 5 లక్షల డాలర్లు. కేసింగ్‌ను మధ్యలో నిలిపే సెంట్రలైజర్లు 21 కావాలని సిమెంట్ కంపెనీ లెక్క చెబితే 6 తోనే దించారు. సిమెంట్ పట్టిందో లేదో చూసే లాగ్ అనే పరీక్ష కోసం వచ్చిన మనుషుల్ని ఆ పని చేయించకుండానే వెనక్కి పంపేశారు. ఆ లాగ్ చేయించి ఉంటే అయ్యే ఖర్చు లక్షా పాతికవేల డాలర్ల చిల్లర.

ఇవన్నీ పైవాళ్ల నిర్ణయాలు. నా లైన్‌లో ఉన్న నన్ను ఎక్కువ భయపెట్టేది అక్కడి నెగటివ్ టెస్ట్, అంటే బావిలోకి కింద నుంచి ఏదైనా కారుతోందా అని చూసే పరీక్ష. బావిలో ఒత్తిడి తగ్గించి చూస్తే డ్రిల్ పైపు గేజ్ మీద 1,400 పీఎస్‌ఐ, బావిలోకే వెళ్లే ఇంకో గొట్టం కిల్ లైన్ మీద సున్నా. రెండూ ఒకే బావిని చూస్తున్న గేజ్‌లు. అలా ఉండకూడదు. డ్రిల్ ఫ్లోర్ మీద చర్చ జరిగింది. పైనున్న బరువైన మడ్ నొక్కడం వల్లే గేజ్ అలా చూపిస్తోందని, ‘బ్లాడర్ ఎఫెక్ట్’ అని ఒక వివరణ వచ్చింది, అనుభవం ఉన్నవాళ్లే దాన్ని ఒప్పుకున్నారు. బయట ఉండి చదివితే మూర్ఖత్వం అనిపిస్తుంది. ఆలస్యమైన బావి, ఇల్లు చేరే రోజు దగ్గర పడటం, మెట్ల మీద పెద్దలు. ఆ సమయంలో పని ముందుకు సాగనిచ్చే వివరణ ఏదైనా చెవికి ఇంపుగానే ఉంటుంది. నేను అలాంటి వివరణలకు తలూపాను, ఒకటి రెండుసార్లు కాదు. నా బావులు పేలలేదు, అంతే తేడా.

ఎవరైనా పని ఆపితే మర్నాడు పొద్దున వాళ్లకు ఏం జరిగిందో చూడండి. మీ రిగ్ ఎలాంటిదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి ఇదే. ఒక రాత్రి మూడింటికి పైపు బయటికి లాగుతున్నాం. ఐదు స్టాండ్లు (మూడేసి పైపులు కలిపిన ముక్కలు) లాగితే ఆ ఖాళీ నింపడానికి బావి సుమారు మూడున్నర బ్యారెళ్ల మడ్ తాగాలి. ఒకటిన్నరే తాగింది. అంటే మిగతా చోటులోకి కింద నుంచి గ్యాసో నీళ్లో వస్తుండొచ్చు. ఆపి చూస్తే, బావిలోకి మడ్ పోసే ట్రిప్ ట్యాంకు లెవెల్ సన్నగా పెరుగుతోంది. ఎవరినీ అడక్కుండా బీఓపీ (బావి నోరు మూసే పెద్ద వాల్వ్) మూశాను, ఆ తర్వాతే ఫోన్ చేశాను. కంపెనీ మ్యాన్ నిద్రకళ్లతో, కవరాల్ కింద చెప్పులతో వచ్చాడు. గేజ్‌లు సున్నా. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, సున్నాయే. అడుగు నుంచి మడ్ అంతా పైకి తిప్పి చూస్తే ఏమీ లేదు. చివరికి తేలిందేమిటంటే పక్క ట్యాంకు వాల్వ్ ఒకటి సరిగా మూసుకోక, ఆ మడ్ ట్రిప్ ట్యాంకులోకి జారుతోంది. నాలుగు గంటలు నష్టం.

పొద్దున మీటింగ్‌లో అందరి ముందూ కంపెనీ మ్యాన్ అన్న మాట: ‘రాత్రి ఇతను నన్ను అడక్కుండా మూశాడు. రేపు మళ్లీ అలా అనిపిస్తే మళ్లీ అడక్కుండానే మూయాలి. ఇప్పుడు ఆ వాల్వ్ ఎవరు చూస్తారో చెప్పండి.’ ఆ రిగ్ మీద ఉన్నంతకాలం నాకు మూయడానికి చెయ్యి వణకలేదు.

ఇంకో రిగ్ మీద అచ్చం ఇలాంటిదే నా స్నేహితుడికి జరిగింది. అక్కడి కంపెనీ మ్యాన్ ఒక్క మాట అనలేదు. రిపోర్టులో మాత్రం ‘డ్రిల్లర్ పొరపాటు అంచనా వల్ల మూడు గంటలు’ అని రాశాడు. తర్వాతి హిచ్‌లో (రిగ్ మీద ఒక విడత డ్యూటీ) నిజంగా కిక్, అంటే కింద నుంచి గ్యాస్ తోసుకురావడం, జరిగినప్పుడు మనవాడు మూసేముందు మూడుసార్లు సరిచూసుకున్నాడు. ఆ కాసేపట్లో రావాల్సినదానికంటే చాలా ఎక్కువ గ్యాస్ లోపలికి వచ్చింది. అదృష్టం బాగుండి అదుపు చేశారు, రెండు రోజులు పట్టింది. ఆ రిపోర్టు రాసిన పెద్దమనిషి మంచివాడే, పూజలూ ఉపవాసాలూ చేసేవాడు. గంటలకు లెక్క చెప్పాలి కాబట్టి రాశాడు.

ఇప్పుడు మీ ఉద్యోగం సంగతి. నార్త్ సీలో ‘ఎన్‌ఆర్‌బీ’ అనే మాట ఉంది, ‘నాట్ రిక్వైర్డ్ బ్యాక్’. కాంట్రాక్టు మనిషిని ఎవరూ తీసెయ్యరు, తర్వాతి ట్రిప్‌కు పిలవరు. మన దగ్గర ఆ మాట లేదు కానీ పని అదే. మీరు 28 రోజుల హిచ్ చేసి ఇంటికొస్తారు, మళ్లీ ఫోన్ రాదు. కారణం అడిగితే ‘క్రూ చేంజ్ ప్లాన్ మారింది’ అంటారు. పర్మనెంట్ మనిషికి ఈ బాధ తక్కువ. ఏజెన్సీ ద్వారా వెళ్లిన కుర్రాడికి ఎక్కువ. అందుకే ‘అందరికీ ఆపే అధికారం ఉంది’ అన్న వాక్యం కాగితం మీద ఒకటే అయినా మనిషిని బట్టి దాని బరువు మారుతుంది.

పెద్ద హోదా ఉన్నవాళ్లకీ ఇది తప్పలేదు. 1988 జులై 6న స్కాట్లాండ్ తీరంలో పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫామ్ మండుతుంటే, దానికి పైపులతో కలిసి ఉన్న పక్క ప్లాట్‌ఫామ్‌లు వెంటనే పంపింగ్ ఆపలేదు. మంట కనిపిస్తోంది. ఉత్పత్తి ఆపాలంటే మాత్రం ఒడ్డు నుంచి మాట కావాలనుకున్నారు. 167 మంది పోయారు. అసలు మొదలైంది ఒక కాగితంతో. రిపేరుకు ఒక పంపు సేఫ్టీ వాల్వ్ ఊడదీశారన్న సంగతి రాత్రి షిఫ్టుకు చేరలేదు, వాళ్లు ఆ పంపు ఆన్ చేశారు. ఆ తర్వాత కల్లెన్ విచారణ 106 సిఫార్సులు చేసింది. బ్రిటన్‌లో ఉత్పత్తి పెంచే శాఖ చేతిలోంచి సేఫ్టీ తనిఖీని తీసి వేరే సంస్థకు ఇచ్చారు. మన దగ్గర సముద్రంలో సేఫ్టీ చూసే ఓఐఎస్‌డీ (ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్) ఇప్పటికీ పెట్రోలియం శాఖ కిందే ఉంది. అక్కడ మంచి ఇంజనీర్లు ఉన్నారు, నాకు తెలుసు. అయినా ఉత్పత్తి టార్గెట్ పెట్టేవాడూ, ఆపమని చెప్పేవాడూ ఒకే గొడుగు కింద ఉండటం నాకు నచ్చదు.

ముంబై హై వెళ్తున్నారు కాబట్టి అక్కడివే రెండు తెలుసుకోండి. 2005 జులై 27న, వర్షాకాలంలో, సముద్ర సురక్ష అనే సపోర్ట్ షిప్‌లో వంటమనిషి వేళ్లు తెగాయి. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేదు. అతన్ని క్రేన్ మీద ప్లాట్‌ఫామ్‌కు ఎక్కిద్దామని షిప్పును దగ్గరికి తెచ్చారు. గాలి చాటు వైపున్న క్రేన్ పనిచేయడం లేదు, అందుకని గాలి తోసే వైపు నుంచి వచ్చారు. షిప్పు వెళ్లి గ్యాస్ పోయే నిలువు పైపులకు (రైజర్లకు) తగిలింది. రెండు గంటల్లో ప్లాట్‌ఫామ్ మొత్తం పోయింది, 22 మంది ప్రాణాలతో సహా. నేను టూల్‌పుషర్‌ని అయ్యాక క్రేన్ రిపేరు వాయిదా కాగితం వచ్చినప్పుడల్లా నాకు ఇదే గుర్తొచ్చేది.

రెండోది 2021 మే, తౌక్టే తుఫాను. పీ-305 అనే బార్జ్‌లో (పనివాళ్లు బస చేసే పెద్ద పడవ) 261 మంది, వరప్రద అనే టగ్‌లో 13 మంది ఉన్నారు. తుఫాను వస్తోందని ముందే హెచ్చరికలు ఉన్నాయి. బార్జ్ రేవుకు పోకుండా పనిచేసే చోటికి దగ్గర్లోనే ఆగింది. లంగర్లు తెగాయి, బార్జ్ మునిగింది. రెండింటిలో కలిపి 274 మందిలో 188 మందే బతికారు. బార్జ్ మీద ఉన్నవాళ్లలో చాలామంది సబ్‌కాంట్రాక్టు వెల్డర్లు, ఫిట్టర్లు, హెల్పర్లు. ‘మమ్మల్ని ఒడ్డుకు తీసుకుపొండి’ అని ఒక వెల్డర్ ఎవరికి స్టాప్ కార్డు రాయాలి? పనిముట్టు ఆపగలం, బార్జ్ ఆపలేం. ఈ తేడా ఇండక్షన్‌లో ఎవరూ చెప్పరు.

ఇంత చదివి భయపడి మానెయ్యమని నా ఉద్దేశం కాదు. నేను పాతికేళ్లు చేశాను, పది వేళ్లూ ఉన్నాయి. కొత్తవాడిగా మీరు చెయ్యగలిగినవి కొన్ని చెప్తాను.

ఆపే పద్ధతి. ముంబై హై రిగ్‌ల మీద నడిచేది ఎక్కువగా హిందీ. ‘స్టాప్!’ అని అరిస్తే క్రేన్ ఆపరేటర్‌కు అహం దెబ్బతింటుంది. అదే ‘ఏక్ మినిట్ సాబ్, సమఝా నహీ, ఫిర్ సే దిఖాయియే’ అంటే ఆపుతాడు. చూపిస్తూ చూపిస్తూ తెగిన స్లింగ్ పోగు తనే చూస్తాడు. సిగ్గుపడకండి, తెలియదని అనడం కొత్తవాడికి ఉన్న పెద్ద సౌకర్యం. రెండేళ్ల తర్వాత ఆ సౌకర్యం ఉండదు. ఇది నిమిషం వ్యవధి ఉన్నప్పుడు మాత్రమే. లోడ్ కింద మనిషి ఉంటే అరవాల్సిందే, రెండు చేతులూ పైకెత్తి.

పని మొదలుపెట్టడానికి అనుమతి కాగితం, అంటే పర్మిట్, ఎక్కడ సంతకం పెడుతున్నారో గమనించండి. పని జరిగే చోటికి వచ్చి, వాల్వ్ మీద తాళం చూసి పెడితే మంచి రిగ్. ఏసీ గదిలో పది కాగితాలు వరసగా పెట్టేస్తుంటే మీ జాగ్రత్తలో మీరుండండి. షిఫ్టు మారేటప్పుడు ఎదురుపడి మాట్లాడుకుంటున్నారా, టీ గ్లాసు పట్టుకుని చెయ్యి ఊపి పోతున్నారా అన్నది కూడా చూడండి.

సేఫ్టీ కార్డులు వారానికి ఇన్ని రాయాలని కోటా ఉంటుంది. అందరూ ‘హ్యాండ్ రెయిల్ పట్టుకోలేదు, హెచ్చరించాను’ అని రాస్తారు. మీరూ కొన్ని రాయక తప్పదు. నెలకు ఒక్కటైనా నిజంగా కళ్లబడిన తుప్పు గురించో, ఊడిన గ్రేటింగ్ గురించో రాసి, తేదీ మీ సొంత డైరీలో కూడా వేసుకోండి. అది ఎన్నాళ్లకు బాగుచేశారో చూస్తే మీ రిగ్ ఖజానా పరిస్థితి అర్థమవుతుంది.

వెళ్లేముందు ఆఫర్ లెటర్‌లో రెండు లైన్లు వెతకండి. హెలికాప్టర్ నీళ్లలో పడితే బయటపడే ట్రైనింగ్, మెడికల్ ఖర్చు ఎవరిది? మీ జీతం ఇచ్చేది రిగ్ కాంట్రాక్టరా, మధ్యలో ఏజెన్సీనా? ట్రైనింగ్ ఖర్చు మీ జీతంలో కోసుకుంటామంటే, అప్పు తీరేదాకా మీరు ఏ పనీ ఆపలేరని వాళ్లకూ తెలుసు, మీకూ తెలుస్తుంది. వీలైతే ఆ డబ్బు ఇంట్లోంచి కట్టేసి వెళ్లండి.

జాయినింగ్ జూన్ అన్నారు. వర్షాకాలం మొదలు. క్రూ బోట్‌లో పంపితే వాంతుల మాత్ర ఎక్కే ముందే వేసుకోండి, ఎక్కాక వేసుకుంటే నిలవదు. మొదటి హిచ్ అయి ఇంటికొచ్చాక పర్మిట్ ఎక్కడ సంతకం పెట్టారో ఇక్కడే రాయండి. నాకూ తెలుసుకోవాలని ఉంది.